వెండి ఇచ్చాడు, దొంగ మారిపోయాడు: నవలలో ఉన్నది ఇదేనా?

"దొంగను పోలీసులకు అప్పగించకపోగా వెండి కొవ్వొత్తి స్తంభాలు కూడా చేతిలో పెట్టాడు బిషప్. ఆ ఒక్క క్షమతో జాన్ వాల్జాన్ ఆ పూటే మారిపోయాడు. పెద్ద కంపెనీ పెట్టి వేలమందిని ఆదుకున్నాడు. నాయకుడంటే అలా క్షమించాలి." విక్టర్ హ్యూగో 1862 నాటి నవల 'లే మిజరబుల్' పేరు చెప్పి తెగ పంచుకుంటున్న పాఠం ఇది. మొదటి వాక్యం వరకూ సరే.

ఆ పూటే మారిపోయాడా? అదే రోజు పొద్దుగూకే వేళ, పెటి జెర్వే అనే పదేళ్ల పిల్లాడి చేతిలోంచి జారిన 40 సూల (అప్పటి ఫ్రెంచి చిల్లర) నాణెం మీద వాల్జాన్ కాలు వేసి నిలబడ్డాడు. పిల్లాడు ఏడ్చి బతిమాలినా తీయలేదు, పైగా కసిరి తరిమేశాడు. మట్టిలో మెరుస్తున్న నాణెం కంటబడ్డాకే వాడికోసం అరుచుకుంటూ పరుగెత్తాడు. దొరకలేదు. 19 ఏళ్ల జైలు తర్వాత తొలిసారి ఏడ్చింది అక్కడే. క్షమించిన మర్నాడే పూర్తి బాధ్యత అప్పగించేవాళ్లకు దెబ్బ తగిలేది ఈ మధ్య దశలోనే.

బిషప్ మాటకు బరువు క్షమ వల్ల వచ్చిందా? కాదు, అంతకు ముందే ఉంది. తన భవనాన్ని పక్కనున్న ఇరుకు ఆసుపత్రికిచ్చి ఆ చిన్న ఇంట్లోకి తాను మారాడు. ఏటా వచ్చే 15,000 ఫ్రాంకుల్లో సొంతానికి ఉంచుకున్నది 1,000. ఇంకో సంగతి, ఆ వెండి ఆయన సొంతం. కంపెనీ సొమ్ము కాజేసినవాణ్ని ఇలా వదిలేసే హక్కు మేనేజరుకు లేదు.

షరతు లేని క్షమ కూడా కాదది. ఈ వెండితో నిజాయితీపరుడవుతానని మాటిచ్చావు, మరిచిపోకు అన్నాడు బిషప్. వాల్జాన్ అలాంటి మాటేదీ ఇచ్చిన గుర్తు లేదు!

అసలు పాఠమంతా కంపెనీ దగ్గరుంది, పోస్టు దాన్ని దాటేసింది. మాంట్రెయ్-సుర్-మేర్ అనే ఊళ్లో వేరే పేరుతో నల్లపూసల కార్ఖానా పెట్టి, మేయరు కూడా అయిన వాల్జాన్, ఆడవాళ్ల విభాగానికి ఒక పెద్దావిడను పెట్టి తాను అటు పెద్దగా వెళ్లేవాడు కాదు. అక్కడి కూలీ ఫాంటీన్‌కు పెళ్లి కాకుండా బిడ్డ పుట్టిందని తెలియగానే ఆ పర్యవేక్షకురాలు మేయరు గారి పేరు మీద 50 ఫ్రాంకులిచ్చి పొమ్మంది. ఆయనకు ఆ సంగతే తెలియదు. ఫాంటీన్ జుట్టు, పళ్లు, చివరికి ఒళ్లు అమ్ముకుంది. తొలగింపు తన దాకా రావాలనో, తీసేసినవాళ్లు నేరుగా తనకు మొర పెట్టుకోవచ్చనో ఒక్క కట్టుబాటున్నా ఆమె నిలిచేది. యజమాని మంచితనం కింది గది వరకూ చేరలేదు.

ఇక 1823లో, వాల్జాన్ అనుకుని మరొకరికి శిక్ష వేయబోతుంటే, తానే వాల్జాన్‌నని అరాస్ ఊరి కోర్టులో నిజం ఒప్పుకున్నాడు. దాన్ని పొగిడేవాళ్లు తర్వాతి పేజీలు తిప్పరు. ఆయన మళ్లీ జైలుపాలయ్యాడు; వారసుణ్ని తయారుచేయలేదు కాబట్టి కార్ఖానాలు మూతబడ్డాయి, కూలీలు చెల్లాచెదురయ్యారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ ప్రాంతంలో పన్నుల వసూలు ఖర్చు రెట్టింపయిందని హ్యూగో లెక్కతో సహా రాశాడు.