అవుటైన పిల్ల గోడకు ఆనుకుని ఏం నేర్చుకుంటుంది?

ఈ మధ్య ఒక శనివారం శిక్షణ శిబిరానికి వెళ్ళాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు నాటకం ఎలా నేర్పాలో ఉపాధ్యాయులకు చెప్పే శిబిరం అది. చెప్పడానికి వచ్చినాయన నల్లబల్ల మీద నాటక వేదికను తొమ్మిది గళ్ళుగా గీసి, ఒక్కొక్క గడిలో ఆ చోటి పేరు రాశారు. అప్ రైట్, అప్ సెంటర్, అప్ లెఫ్ట్, ఇలా కిందిదాకా. నోటుపుస్తకాల్లో ఎక్కించుకోమన్నారు, ఎక్కించుకున్నాం. "ఇప్పుడు ఆట ద్వారా నేర్చుకుందాం" అన్నారు. ఆయన ఒక చోటు పేరు చెప్తే అందరం అక్కడికి పరుగెత్తాలి. తప్పు చోటికి వెళ్ళినవాళ్ళు అవుట్. నేను రెండో పిలుపుకే అవుటయ్యాను. మిగతా ఆటంతా గోడకు ఆనుకుని టీ తాగుతూ చూశాను.

అప్పటినుంచి లోపల ఉడుకుతున్న మాట ఇక్కడ కక్కేస్తున్నాను.

కుడి ఎడమలు తడబడే పిల్లకే కదా ఆ ఆట ఎక్కువసేపు కావలసింది? ఆ పిల్లనే అందరికంటే ముందు బయట కూర్చోబెడుతున్నాం. అన్నీ వచ్చిన ఇద్దరు పిల్లలు చివరిదాకా పరుగులు తీస్తారు, చప్పట్లు కొట్టించుకుంటారు. ఈత రానివాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, వచ్చినవాణ్ణి నీళ్ళలోకి తోసినట్టుంది యవ్వారం. పైగా దీనికి ఆటలతో బోధన అని పేరు. నా దృష్టిలో అది యూనిట్ టెస్టే, కాకపోతే పరుగెత్తుతూ రాస్తారు.

మన నాలుగు స్తంభాలాటలో ఎవరూ అవుటవరు. గమనించారా? నాలుగు స్తంభాల దగ్గర నలుగురు, నడుమ దొంగ. ఇద్దరు చోట్లు మార్చుకునేటప్పుడు దొంగ ఒక స్తంభాన్ని పట్టుకుంటే, చోటు పోయినవాడు దొంగవుతాడు. ఓడినవాడికే ఆట ఎక్కువ! నేలాబండా అయినా, దాగుడుమూతలయినా అంతే. తడబడినవాణ్ణి ఇంకొంచెం ఆడించే ఏర్పాటు ఈ ఆటల్లో ఎప్పటినుంచో ఉంది. చిన్నప్పుడు ఇవన్నీ ఆడి పెరిగిన మనమే బడిలోకి వచ్చేసరికి ఈల పట్టుకుని "అవుట్" అంటున్నాం.

నేను చేసేది చెప్తాను. బడి ఆవరణలో వేపచెట్టు కింద ముగ్గుపిండితో ఒక పెద్ద చతురస్రం గీస్తాను. పిల్లలందరి చెప్పులూ ఒక వైపు వరుసగా పెట్టిస్తాను. ఆ చెప్పులే ప్రేక్షకులు. చెప్పుల వైపు ముఖం పెట్టి నిలబడితే అన్నం తినే చెయ్యి ఉన్న పక్క స్టేజ్ రైట్, రెండో పక్క లెఫ్ట్. చెప్పులకు దగ్గరున్నది డౌన్, దూరంగా వెనకున్నది అప్. రాసే చెయ్యి అని మాత్రం చెప్పకండి. మా ఏడో తరగతిలో ఒక పిల్ల ఎడమచేత్తో రాస్తుంది, అన్నం మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళ గదమాయింపుల పుణ్యమా అని కుడిచేత్తోనే తింటుంది. రాసే చెయ్యి అన్న రోజున పాపం రెండు పూటలూ ఎదురు మూలకే పరుగెత్తింది. తప్పు ఎవరిది?

మొదటి రోజు నాలుగు మూలలే. రెండు మూలల పేర్లు పిలుస్తాను. "డౌన్ రైట్, అప్ లెఫ్ట్!" అక్కడున్న ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి, దొంగ మధ్యలో దూరాలి. ఏ రెండు మూలలు ఖాళీ అవుతున్నాయో ముందు పసిగట్టాల్సింది దొంగే కాబట్టి, అందరికంటే చెవులు రిక్కించి వినేదీ వాడే. మూడు పిలుపులకు దొంగకు, పది పిలుపులకు తక్కిన నలుగురికి మూలల పేర్లు వచ్చేశాయి. నోటుపుస్తకం తెరవలేదు. రెండో రోజు మిగిలిన గళ్ళు కూడా కలిపితే చుట్టూ ఎనిమిది మంది, నడుమ సెంటర్‌లో దొంగ. ముప్ఫై ఆరు మంది తరగతికి నాలుగు ముగ్గులు చాలు. పిలిచే పని రెండో వారం నుంచి పిల్లలదే.

ఇక్కడ పెద్దవాళ్ళం చేసే పొరపాటు ఒకటుంది. మనం చెప్పుల వైపు నిలబడి, పిల్లలకు ఎదురుగా ముఖం పెట్టి "కుడికి జరుగు" అంటూ మన కుడిచెయ్యి ఊపుతాం. వాళ్ళకు అది ఎడమ. వాళ్ళు తికమకపడితే "వినబడటం లేదా" అని మనమే అరుస్తాం. వేదిక మీద కుడి ఎడమలు నటుడివి. చూసేవాళ్ళవి కావు, నేర్పేవాళ్ళవి అసలే కావు. కొత్తలో నేర్పే మనిషి కూడా ముగ్గులోకి దిగి, చెప్పుల వైపు తిరిగి నిలబడితే సగం అరుపులు తప్పుతాయి.

'అప్' ఏమిటి, 'డౌన్' ఏమిటి, నేలంతా చదునుగానే ఉందిగా అని ఏ పిల్లా అడగకపోతే ఆ తరగతి నిద్రపోతోందని అర్థం. ఒకప్పుడు ఐరోపా నాటకశాలల్లో వేదిక వెనక ఎత్తుగా, ప్రేక్షకుల వైపు వాలుగా ఉండేది. వెనక్కి నడిస్తే నిజంగానే ఎక్కడం, ముందుకొస్తే దిగడం. ఇది నోటితో చెప్తే ఎవరికీ ఎక్కదు. ఒక బెంచీ పలక తెచ్చి, వెనక వైపు రెండు ఇటుకలు పెట్టి, గోలీ వదలండి. గోలీ దొర్లుకుంటూ వెళ్ళి చెప్పుల్లో పడుతుంది. "అదిగో, డౌన్" అన్నాడు ఒకడు. మళ్ళీ ఆ మాట వివరించాల్సిన పని పడలేదు.

సుద్దముక్క గీతలతో స్థానాలు నేర్పే పద్ధతి మీద నాకు కోపం ఉండటానికి కారణం నా అనుభవమే. కొన్నేళ్ళ కిందట వార్షికోత్సవానికి తెనాలి రామకృష్ణుడి కథ ఒకటి నాటిక వేయించాను. ఎవరెక్కడ నిలబడాలో వేదిక మీద సుద్దతో గుండ్రాలు చుట్టి, లోపల అంకెలు వేశాను. పది రోజులు అదే సాధన. మా నాటికకు ముందు ఒక కోలాటం పెట్టారు. ఇరవై మంది పిల్లలు కాళ్ళతో ఆ గుండ్రాలన్నీ శుభ్రంగా తుడిచేశారు. తెర లేచింది. రాయలవారు, మంత్రి, రామకృష్ణుడు ముగ్గురూ తలలు వంచి నేల వెతుక్కుంటున్నారు. ప్రేక్షకులు అదే హాస్యం అనుకుని నవ్వారు. నేను పక్కతెర వెనక చెమటలు కక్కాను. పిల్లలకు తమ అంకె తెలుసు. అక్కడే ఎందుకు నిలబడాలో మాత్రం తెలియదు, నేను చెప్పనే లేదు.

ఆ ఎందుకు అన్నది కూడా ఆటలోంచే రావాలి. ఇద్దర్ని మాట్లాడుకోమనండి. ఒకడు మాటమాటకీ ఒక అడుగు వెనక్కి వేస్తూ పోతాడు. రెండోవాడు వాడితో మాట్లాడాలంటే తిరుగుతూ తిరుగుతూ చివరికి చెప్పులకు వీపు చూపిస్తాడు. కూర్చున్న పిల్లలే అరుస్తారు, "వాడి మొహం కనబడట్లేదు టీచర్" అని. ఎదుటి నటుణ్ణి మింగెయ్యడం అంటే ఇదే అని అప్పుడు చెప్తే చాలు. ఇంకొకటి తెప్ప ఆట. ముగ్గంతా నీళ్ళ మీద తెప్ప. అందరూ నడుస్తూ ఉండాలి, ఒకే పక్కకు చేరితే మునుగుతుంది. ఈల వెయ్యగానే ఆగి, బరువు సరిపోయిందో లేదో చూసుకోవాలి. రాజు ఒక్కడే ఒక పక్కన నిలబడితే మిగతావాళ్ళు ఎంతమంది కలిస్తే తూకం సరిపోతుంది? మా పిల్లలు దీని మీద అరగంట పోట్లాడుకున్నారు. నలుగురన్నారు కొందరు. సింహాసనం ఉంటే ఆరుగురన్నారు ఇంకొందరు.

ఇదంతా విదేశీ సరుకని పెదవి విరిచేవాళ్ళు ఉంటారని తెలుసు. కొంత నిజమే. షికాగోలో వయోలా స్పోలిన్ 1930ల చివర్లో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ ఆటల ద్వారా నటన నేర్పే పద్ధతిని పెంచారు. అయితే వేదికను భాగాలు చేసి చూడటం మనకేమీ కొత్త కాదు. నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగం అని ఉంది. ముందు ప్రవేశించినవాళ్ళు ఇంటి లోపల ఉన్నట్టు, తర్వాత వచ్చినవాళ్ళు బయటినుంచి వచ్చినట్టు. వేదిక చుట్టూ నడిస్తే ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్ళినట్టు. గోడ లేదు, తలుపు లేదు. పిల్లలకు ఇది చెప్పి చూడండి, గడప దాటేటప్పుడు తల వంచుకుని మరీ లోపలికొస్తారు. బుర్రకథ సంగతి సరే సరి. కథకుడు నడుమ, వంతలు చెరో పక్క. కథకుణ్ణి పక్కకు పంపి ఒక వంతను నడుమ నిలబెట్టండి. మాటలేవీ మార్చకుండానే కథ ఎవరిదో మారిపోతుంది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు నడక రాకముందే వేదిక ఎక్కినవాళ్ళు. వాళ్ళకు తొమ్మిది గళ్ళ బొమ్మ ఎవరు గీసి చూపించి ఉంటారు? మన పిల్లలకు ఆ అదృష్టం లేదు, వారానికి ఒక్క పీరియడు, అదీ గణితం సారు అడక్కపోతే. అందుకే ఆ ఒక్క పీరియడునూ నోట్సు రాయించి చంపొద్దంటున్నాను.

ఇంత చేసినా వార్షికోత్సవం నాడు అంతా బూడిదలో పోసేది మైకు. వేదిక ముందు నడుమ ఒక స్తంభం మైకు పెడతారు. తెప్ప, తూకం అన్నీ మరిచిపోయి పిల్లలందరూ చెరువు గట్టున కొంగల్లా దాని ముందు బారు తీరుతారు. వంతు వచ్చినవాడు ముందుకొచ్చి చెప్పి వెనక్కి వెళ్తాడు. పిల్లల్ని అని లాభం లేదు, వినబడకపోతే వాళ్ళ అమ్మానాన్నలే "గట్టిగా!" అని కేకలేస్తారు మరి.

ఈసారి మైకులు రెండు పక్కలా వేలాడదీయమని సౌండు అతనికి ఇప్పుడే చెప్పిపెట్టాను. "నడుమ ఒకటైనా ఉండాలి కదండీ మేడమ్" అన్నాడు. ఉండకూడదన్నాను. "మరి ముఖ్య అతిథిగారు ఎక్కడ మాట్లాడతారండీ?" అని అడిగాడు. డౌన్ లెఫ్ట్‌లో అని చెప్పాను.