బడిలో ఉయ్యాలా? ఎంత మాట!

బడి అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. బల్లలు, బోర్డు, బెల్లు, అటెండెన్సు. వీటి మధ్య ఉయ్యాల అనే వస్తువు మీకెక్కడైనా కనిపించిందా? నేను చదువుకున్న రోజుల్లో లేదు. నా చిన్నప్పుడు లేనిది ఇప్పుడూ ఉండకూడదన్నది విద్యారంగంలో అందరూ ఒప్పుకున్న సూత్రం. అయినా కొందరు కొత్త వాదన ఎత్తుకున్నారు. చదువుకునే వయసులోనే తల్లో తండ్రో అయినవాళ్లు చదువు మానకుండా ఉండాలంటే బడి ఆవరణలోనే క్రెష్ పెట్టాలట. తల్లి క్లాసులో, బిడ్డ పక్క గదిలో. విరామంలో వచ్చి పాలిచ్చి, మళ్లీ వెళ్లి లెక్కలు చేసుకోవచ్చునట.

ఇదెంత ప్రమాదమో గమనించారా? అమలు చేస్తే ఆ పిల్ల చదువు పూర్తి చేసేస్తుంది.

నేను ఒక బడి యాజమాన్య కమిటీలో సభ్యుడిని. ఈ విషయం మా ముందుకొచ్చిన రోజున టీలు రెండు విడతలుగా వచ్చాయంటే చర్చ ఎంత తీవ్రంగా సాగిందో ఊహించుకోండి. మాకు ముందునుంచీ ఒక చక్కటి పద్ధతి ఉంది. పొట్ట కనపడగానే ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనరు. అనకుండానే అందరూ చూస్తారు. వారం చూస్తారు, పది రోజులు చూస్తారు. తర్వాత తను రాదు. రిజిస్టర్‌లో ‘తనే రావడం మానేసింది’ అని రాసుకుంటాం. వ్యాకరణం బాగా వచ్చినవాడెవడో కనిపెట్టిన వాక్యం అది. కర్త ఆ పిల్లే, కర్మ ఆ పిల్లదే. క్రియ మాత్రం మాది, అది పైకి కనపడదు.

ఖర్చు లేదు, ఫైలు లేదు, గొడవ లేదు. ఇంత సాఫీగా నడిచే పథకం మా బడిలో మరొకటి లేదు. నీళ్ల ట్యాంకు కూడా లీకవుతుంది.

ఈ విషయంలో మేం ఒంటరివాళ్లం కాదు, చరిత్రలో మహామహులు మా వైపు ఉన్నారు. 2017 జూన్‌లో టాంజానియా అధ్యక్షుడు జాన్ మాగుఫులి ఒక బహిరంగ సభలో, బిడ్డ పుట్టిన ఆడపిల్ల ఇక బడిలో అడుగు పెట్టడానికి వీల్లేదని తేల్చేశారు. ఆయన చెప్పిన కారణం వినదగింది. నాలుగు లెక్కలు చేశాక ఆ పిల్ల లేచి, బిడ్డ ఏడుస్తోంది, పాలిచ్చి వస్తానని మాస్టారిని అడుగుతుందట. ఇది ఊహాగానం అనుకోకండి. ఆయన రాజకీయాల్లోకి రాకముందు హైస్కూల్లో లెక్కలూ కెమిస్ట్రీ చెప్పిన మనిషి. క్లాసులోంచి పిల్లలు ఎన్ని సాకులతో బయటికి పోతారో ఆయనకు తెలియనిది కాదు. దాహం, తలనొప్పి, బాత్‌రూమ్, ఇంటినుంచి ఎవరో వచ్చారు... వీటన్నిటినీ బడి తట్టుకుంది. పావుగంట పాలు మాత్రం తట్టుకోలేదు. ఆ పావుగంట కోసం పదేళ్ల చదువు కోసేయడమే న్యాయం. అయితే ఆయన తర్వాత వచ్చిన సామియా సులుహు హసన్ ప్రభుత్వం 2021 నవంబరులో ఆ తలుపు తెరిచేసింది. కాలం మారిపోతోంది, ఏం చేస్తాం.

సియెరా లియోన్ ఇంకొంచెం దూరం ఆలోచించింది. ఎబోలా వచ్చి నెలల తరబడి మూతపడ్డ బళ్లు 2015లో తెరిచినప్పుడు, కడుపుతో ఉన్న ఆడపిల్లలు మామూలు బళ్లకు రాకూడదు, పరీక్షలు రాయకూడదు అన్నారు. తోటి పిల్లలు చెడిపోతారని. వాళ్లకోసం వేరే కేంద్రాలు పెట్టారు. వారానికి మూడు రోజులు, నాలుగు సబ్జెక్టులు. దీన్ని నేను దయ అంటాను. నాలుగు సబ్జెక్టులదాకా మాతృత్వానికి ముప్పు లేదు, ఐదోది మొదలుపెడితేనే చిక్కు. 2019 డిసెంబరులో పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ‘ఎకోవాస్’ కోర్టు ఇది వివక్ష అని తీర్పు చెప్పడం, 2020 మార్చిలో నిషేధం ఎత్తేయడం జరిగిపోయాయి. ఒక్క చిన్న ఇబ్బంది మాత్రం మిగిలింది. ఆ దేశంలో టీనేజీ గర్భాలు పెరిగింది బళ్లు మూసి ఉన్న నెలల్లోనట. అంటే కడుపు తెచ్చేది బడి కాదు, బడి లేకపోవడం అన్న అర్థం వస్తుంది. ఇది మా వాదనకు అడ్డం కాబట్టి దీన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

చట్టాల గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. చదువుల్లో ఆడామగా వివక్ష చూపకూడదని అమెరికాలో ‘టైటిల్ నైన్’ పేరుతో 1972లో ఒక చట్టం తెచ్చారు. అసలు వాక్యం 37 మాటలే. దానికి 1975లో తెచ్చిన నిబంధనలు, గర్భం పేరుతోనో ప్రసవం పేరుతోనో ఏ విద్యార్థినినీ వెలివేయకూడదన్నాయి. కెన్యా 1994లోనే ప్రసవించిన ఆడపిల్లలు తిరిగి బడికి రావచ్చని విధానం పెట్టుకుంది. మొదట్లో ఇవి చదివి మా అధ్యక్షులవారు కంగారుపడ్డారు. నేనే సర్దిచెప్పాను. ‘సార్, తలుపు తీయమన్నారు, తీద్దాం. చంకలో బిడ్డను ఎక్కడ దింపాలో ఆ చట్టంలో రాశారా? రాయలేదు. బిడ్డతో క్లాసులోకి రాకూడదని మన రూల్ ఉంది కదా. బిడ్డను ఇంట్లో వదిలి రావడానికి ఇంట్లో ఎవరూ ఉండరు కదా. ఇక భయమెందుకు?’

అధ్యక్షులు నా భుజం తట్టారు. హక్కు ఇవ్వడానికి జంకనక్కర్లేదు, క్రెష్ ఇవ్వకపోతే సరిపోతుంది. ఈ ఒక్క సూక్ష్మం తెలిసినవాడికి ఏ చట్టమూ అడ్డం కాదు.

కానీ కొన్ని దేశాలవాళ్లకు ఈ సూక్ష్మం అంటలేదు. న్యూజిలాండ్‌లో 1994లో పోరిరువా అనే చోట టీనేజీ తల్లులకోసం ఒక బడి మొదలుపెట్టి, అది బాగుందని అలాంటివి ఇరవైకి పైగా పెట్టేశారు. హైస్కూలుకు అనుబంధంగా తల్లుల క్లాసు, దాన్ని ఆనుకుని పసిపిల్లల కేంద్రం. బిడ్డ ఏడిస్తే తల్లికి వినపడేంత దూరం. ఇంగ్లండ్‌లో ‘కేర్ టు లెర్న్’ అని ఒక పథకం. 20 ఏళ్లు నిండకముందే కోర్సులో చేరిన తల్లికో తండ్రికో, బిడ్డను చూసుకునే చోటికి వారానికి 180 పౌండ్ల దాకా ప్రభుత్వమే కడుతుంది, లండన్ అయితే 195. ఆ డబ్బు తల్లి చేతికి కాదు, నేరుగా క్రెష్‌కే పోతుంది. క్లాసులు మానేస్తే ఆగిపోతుంది. ఆ పిల్ల డబ్బు తీసుకుని షికార్లు తిరుగుతుందని మేం చెప్పదలచుకున్న మాటను ముందే నోట్లోంచి లాగేశారు. ఇది న్యాయమైన పోటీ కాదు.

ఖర్చు మాటకొస్తే, ఇంగ్లండ్‌లో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒక పెద్దమనిషి ఉండాలని రూలట. ముగ్గురికి ఒకరు! మా బడిలో అరవై మందికి ఒక మాస్టారు, ఆయన కూడా తరచూ సెలవు. ముగ్గురు పసికందుల్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలంటే, ఒక బిడ్డను రాత్రింబవళ్లు ఒంటరిగా చూసుకుంటున్న పదిహేడేళ్ల పిల్లను ఏమనాలి? ఇలాంటి లెక్కలు వేయడం మొదలుపెడితే మన తలలు చెడతాయి. అందుకే వద్దంటున్నాను.

అయినా నేను పక్షపాతిని కాను. ప్రత్యక్షంగా పరిశీలించి వద్దామని, క్రెష్ ఉన్న ఒక బడికి నోట్‌బుక్కూ పెన్నూ పట్టుకుని వెళ్లాను. గదిలో మూడు ఉయ్యాలలు, ఒక చాప, గోడకి ఒక రిజిస్టర్. ఆ రిజిస్టర్ చూసి నాకు అసూయ కలిగింది. బిడ్డ పేరు, ఆఖరిసారి పాలు తాగిన టైము, డైపర్ మార్చిన టైము, నిద్రపోయిన టైము, తల్లి ప్రస్తుతం ఏ క్లాసులో ఏ పీరియడ్‌లో ఉందో ఆ వివరం. అన్నీ నిమిషాలతో సహా రాశారు. మా బడిలో మాస్టారు ఏ పీరియడ్‌లో ఎక్కడున్నారో ఇంత కచ్చితంగా ఎవరికీ తెలియదు.

కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. చేతిలో త్రికోణమితి పుస్తకం, కాలి బొటనవేలు ఉయ్యాల తాడుకు. యూనిఫాం భుజం మీద బిడ్డ కక్కిన పాలమరక ఎండి అట్టకట్టింది. సైన్ తీటా, కాస్ తీటా అని పెదాలు కదుపుతోంది, ఆ లయకే ఉయ్యాల ఊగుతోంది. బిడ్డకు ఐదు నెలలు.

‘రాత్రి నిద్రపోయావా అమ్మాయ్?’ అన్నాను, పెద్దరికంగా.

‘ఏ రాత్రి సార్?’ అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఇలాంటి పెడసరపు జవాబులు మేం చదువుకునే రోజుల్లో ఉండేవి కావు. అప్పట్లో ఇలాంటి పిల్లలు బడిలో ఉండేవారే కాదు కాబట్టి.

అసలు నేను చూడటానికి వెళ్లింది మరొకటి. క్రెష్ పెడితే మిగతా ఆడపిల్లలకూ ఆశ పుడుతుందని, ఇవాళ మూడు ఉయ్యాలలైతే రేపు ముప్పై అవుతాయని మా కమిటీలో ఏకాభిప్రాయం. విరామం బెల్లు కొట్టగానే నలుగురమ్మాయిలు పరుగెత్తుకొచ్చారు. ‘ఎంత ముద్దుగా ఉన్నాడే’ అని ఒకతి ఎత్తుకుంది. ముద్దుగా ఉన్నవాడు ముందు నవ్వాడు, తర్వాత ముక్కాడు, తర్వాత గది వాతావరణం మారిపోయింది. ఎత్తుకున్నది బిడ్డను రెండు చేతులతో దూరంగా చాపి పట్టుకుని, తల్లికి అందించేసి, ‘ఇలా రోజుకి ఎన్నిసార్లే?’ అంది. తల్లి చెప్పింది. నలుగురూ కాసేపు మాట్లాడలేదు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఒకతి రెండోదానితో, ‘నేనైతే ముప్పై దాటేదాకా ఈ ఛాయలకే రాను’ అనడం నా చెవులారా విన్నాను.

తోటి పిల్లల మీద చెడు ప్రభావం పడుతుందని చెప్పానా లేదా? మాతృత్వం మీద ఉండవలసిన మధుర భావనలన్నీ విరామం ముగిసేలోపే ఆవిరైపోయాయి. ఏడాది పొడవునా మేం నీతిబోధ పీరియడ్ పెట్టి చెప్పినా ఎక్కనిది, ఒక్క డైపర్‌తో ఎక్కింది. దీన్ని ప్రోత్సహిస్తే మా నీతిబోధ మాస్టారి ఉద్యోగం ఏం కాను?

తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లలకు ఏటా సుమారు 2 కోట్ల 10 లక్షల గర్భాలు వస్తున్నాయని, అందులో దాదాపు సగం కోరుకోనివని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమందిని ‘తనే మానేసింది’ అని రాయడానికి ఎన్ని రిజిస్టర్లు కావాలో ఎవరైనా ఆలోచించారా? ఆ భారమంతా గుమాస్తాల మీదే కదా.

నా పరిశీలన నివేదిక విన్నాక మా కమిటీ మెత్తబడింది. హెడ్మిస్ట్రెస్ గారు నెలల తరబడి వెంటబడటం కూడా ఒక కారణం. చివరికి, విరిగిన బెంచీలు పడేసిన వెనక గదిని క్రెష్‌కు ఇవ్వడానికి ఒప్పుకున్నాం, కొన్ని షరతుల మీద. బిడ్డ పనివేళల్లో ఏడవరాదు. ఉయ్యాల కిర్రుమనరాదు. ఇన్‌స్పెక్షన్ రోజుల్లో బిడ్డ కనపడరాదు. తల్లి పాలివ్వడానికి వెళ్లే ప్రతిసారీ లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి, దానిమీద క్లాస్ టీచరు, హెడ్మిస్ట్రెస్ సంతకాలుండాలి. ఆ సంతకాలు పూర్తయ్యేలోపు బిడ్డకు పళ్లొచ్చి అన్నం తినడం మొదలుపెడితే కమిటీ బాధ్యత వహించదు.

గుమాస్తా దరఖాస్తు ఫారం నమూనా తయారు చేసి తెచ్చాడు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, టీకాల వివరాలు, తల్లి పేరు, తల్లి క్లాసు, తల్లి నడవడిక. ఆ తర్వాత తండ్రి పేరు, తండ్రి క్లాసు అని రెండు గళ్లు. గుమాస్తా తటపటాయిస్తూ అన్నాడు, ‘సార్, మొదటి దరఖాస్తు మన తొమ్మిదో తరగతి అమ్మాయిది. అబ్బాయి కూడా మన బళ్లోనే, పదో తరగతి ఏ సెక్షన్. పిలిచి సంతకం పెట్టించమంటారా?’

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం.

‘ఇప్పుడెందుకయ్యా’ అన్నారు. ‘వాడికి వచ్చేవారం పరీక్షలు. చదువుకునే కుర్రాణ్ని కదిలించకండి.’