మండీ అడ్వాన్సు బదులు మన అడ్వాన్సు

చేవెళ్ల, శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు సేంద్రియ తోటల నుంచి వారం వారం ఇంటికి కూరగాయల బుట్ట తెప్పించుకోవడం హైదరాబాద్‌లో బాగా అలవాటవుతోంది. మంచిదే. చేరేముందు అందరూ అడిగే మాట ఒక్కటే, "మందులు కొట్టరు కదా?" అని. నన్నడిగితే అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. నేను కట్టే డబ్బు రైతు చేతికి ఎప్పుడు అందుతోంది? విత్తనం వేయకముందా, కాయ కోశాకా?

నెలనెలా యాప్‌లో డబ్బు కట్టి, నచ్చినవి టిక్కు పెట్టి తెప్పించుకుంటే అది మంచి కూరగాయల డెలివరీ, అంతవరకే. కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, అంటే సీఎస్‌ఏ, వేరే ఏర్పాటు. అందులో కొన్ని కుటుంబాలు సీజన్ మొదట్లోనే తోట ఖర్చులో తమ వాటా కట్టేస్తాయి, తర్వాత పండినదాంట్లో వాటా తీసుకుంటాయి, బాగా పండితే బుట్ట నిండుతుంది, పండకపోతే సగమే వస్తుంది, డబ్బు మాత్రం వెనక్కి రాదు. ఇది వినగానే చాలామంది వెనకడుగు వేస్తారు. కానీ ఈ పద్ధతికి ప్రాణం అదే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర కూరగాయల రైతుకు అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లు మండీవాళ్లు, అంటే మార్కెట్లో కమీషన్ మీద రైతు సరుకు అమ్మిపెట్టే వ్యాపారులు. మదనపల్లె వైపు ఎకరం టమాటా పెట్టాలంటే నారు, డ్రిప్పు, మల్చింగ్ షీటు, ఊతకర్రలు, పురికొస, మొక్కలు కట్టే కూలీలు, ఇదంతా మొదటి కాయ కోయకముందే పెట్టాల్సిన ఖర్చు. బ్యాంకు లోను చాలదు, చాలామందికి అసలు రాదు. మండీ యజమాని అయితే అడిగిన రోజే ఇస్తాడు. వడ్డీ సంగతి అటుంచితే అసలు షరతు సరుకు మీద ఉంటుంది, పంట అతని మండీకే తేవాలి. పక్క మండీలో రెండు రూపాయలు ఎక్కువ పలికినా అటు తిప్పడానికి లేదు. కమీషన్ పోగా, తరుగు పోగా, పాత బాకీ పోగా చేతికి వచ్చేది చూసుకుని రైతు మళ్లీ అదే గుమ్మం దగ్గర అడ్వాన్సు కోసం నిలబడతాడు.

2023 గుర్తుందా? జులైలో కిలో టమాటా నగరాల్లో 200 రూపాయలకు పోయింది, ఇంట్లో పప్పులోకి ఒక్క కాయ వేయడానికి కూడా ఆలోచించాం. సెప్టెంబర్ కల్లా కర్నూలు, నంద్యాల వైపు కోత కూలి కూడా గిట్టట్లేదని రైతులు రోడ్డు పక్కన పారబోశారు. 2024లో రిజర్వు బ్యాంకు విడుదల చేసిన ఒక అధ్యయన పత్రం లెక్క ప్రకారం టమాటాకు మనం పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు అందేది దాదాపు 33 పైసలు. ధర పెరిగినప్పుడు మనం తిట్టుకుంటాం, పడిపోయినప్పుడు సంతోషిస్తాం, ఈ రెండింటి మధ్య రైతు ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది.

పెట్టుబడి దొరకని రైతుల కోసమే, తినేవాళ్లు ముందే డబ్బు కట్టే ఈ సీఎస్‌ఏ ఆలోచనను ముందుగా చెప్పినవాళ్లలో బుకర్ టి. వాట్లీ ఒకరు. అమెరికాలోని అలబామాలో టస్కెగీలో వ్యవసాయ ప్రొఫెసర్. నల్లజాతి చిన్న రైతులకు అప్పు పుట్టడమే గగనంగా ఉన్న కాలంలో, మీ తోటకు కుటుంబాలను సభ్యులుగా చేర్చుకోండి, సభ్యత్వ రుసుము ముందే తీసుకోండి అని ఆయన చెప్పారు. నల్లజాతి రైతులు తమకు అప్పుల విషయంలో జరిగిన వివక్షపై కోర్టుకెక్కితే అమెరికా ప్రభుత్వం 1999లో రాజీకి వచ్చింది. ఇంకోపక్క జపాన్‌లో 1970లలో పురుగుమందులకు భయపడిన తల్లులు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు, దాన్ని తెయికెయ్ అంటారు. సీఎస్‌ఏ పేరుతో అమెరికాలో మొదటి తోటలు మొదలైంది 1986లో.

మన దగ్గర ఈ అడ్వాన్సు అందరికంటే ఎక్కువ అవసరం కౌలు రైతుకి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద, కౌలు రైతుకు పంట రుణానికి, ప్రభుత్వ సాయానికి పనికొచ్చే సాగుదారు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, చాలామంది పెట్టరు. తెలంగాణలో రైతుబంధు కౌలు రైతుకు ఇవ్వలేదు. పైగా రసాయనాలకు అలవాటుపడిన మట్టి కోలుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కౌలు ఒప్పందమేమో ఏడాదికే. పేడ, కషాయాలు, పచ్చిరొట్ట వేసి నేల బాగుచేసిన రైతును మూడో ఏడు ఖాళీ చేయమంటే? అందుకే నగరం చుట్టూ నిలదొక్కుకున్న సేంద్రియ తోటల్లో చాలావరకు సొంత భూమి, బయటి ఆదాయం ఉన్నవాళ్లవే. వాళ్లను తప్పుపట్టడం లేదు. కాకపోతే మన చందా కౌలు రైతు దాకా చేరాలంటే, వచ్చే ఏడు కూడా ఉంటామని సభ్యులు మాటివ్వాలి, భూయజమాని కూడా కౌలు కాలం పెంచాలి.

నేను చేరిన తోటలో ఒక వేసవి ముందు వడగళ్లు పడ్డాయి. వంకాయ మొక్కలు కొమ్మలు విరిగి, సొరపాదు పందిరితో సహా కూలి, ఆ వారం బుట్టలో ఇంత గంగవాయిలి కూర, రాళ్ల దెబ్బకు మచ్చలుపడిన కాయలు కొన్ని వచ్చాయి. వాట్సాప్ గ్రూపులో డబ్బు వాపసు గురించి పెద్ద చర్చ. ఒకాయన "నాకు సంబంధం ఏంటి?" అని అడిగారు. ఉందండీ, ఉంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లగా వడగళ్లు పరుచుకున్న వీడియోలు మనమంతా ఫార్వర్డ్ చేశాం, ఆ నేల కింద ఎవరి పెట్టుబడి పోయిందో మాత్రం అడగలేదు. ముందే వాటా కట్టినవాళ్లు అలాంటి రోజున రైతు పక్కన నిలబడినట్టు.

అలాగని ఇబ్బందుల్లేవని చెప్పను. ఆకుకూరలు ఎక్కువ వస్తాయి, గోంగూర తుంచడం, మెంతికూర కడగడం, పుచ్చుల్లేకుండా చిక్కుడు ఈనెలు తీయడం, ఈ పనంతా ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆడవాళ్ల మీదే పడుతోంది. మగవాళ్లు చందా కట్టి ఆరోగ్యం గురించి మాట్లాడితే సరిపోదు, వచ్చిన కట్టల ముందు కూర్చుని తుంచాలి. మే నెలలో కాలీఫ్లవర్ కావాలనే పట్టుదల కూడా వదులుకోవాలి. అప్పుడు దోస, బీర, సొర, కాకర, అదృష్టం బాగుంటే చింతచిగురు.

నమ్మకం సంగతి. చిన్న రైతు నేరుగా మనకు అమ్మితే, ఆహార భద్రతా సంస్థ 2017 సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం సేంద్రియ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కాబట్టి తోటకు వెళ్లి చూడాల్సిందే. పక్క చేలో మందు కొడితే గాలికి ఇటు రాకుండా గట్టు మీద జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా వేశారా, పసుపు జిగురు అట్టలకు పురుగులు అంటుకుని ఉన్నాయా, ఆవుపేడ, మూత్రంతో చేసే జీవామృతం డ్రమ్ము నిజంగా వాడకంలో ఉందా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మీ అపార్ట్‌మెంట్‌లో ఓ పాతిక కుటుంబాలు కలిసినా ఇది మొదలుపెట్టొచ్చు. రైతుతో కూర్చుని సీజన్ ఖర్చు కాగితం మీద రాయించండి, అందులో ఆ కుటుంబం కష్టానికి కూలి కూడా వేయించండి, అది వేయడం రైతులు సాధారణంగా మర్చిపోతారు. పంట పోతే ఏం చేయాలో ముందే రాసుకోండి. డబ్బు మాత్రం మృగశిర కార్తె లోపే అందాలి. ఆ తర్వాత ఇస్తే, అప్పటికే మండీవాళ్లు ఇచ్చేసి ఉంటారు.