ముందు ఆ నీలం పెట్టెలు ఆపేయండి

ప్రోటోటైప్ (యాప్ కట్టకముందు చేసే నమూనా) యూజర్లతో టెస్ట్ అయ్యాక "ఎనిమిది మందిలో ఎనిమిది మందీ టాస్క్ పూర్తి చేశారు" అని స్లైడ్ పెట్టిన ఇంటరాక్షన్ డిజైనర్లందరి కోసం ఇది రాస్తున్నాను. అలాంటి స్లైడ్ నేనూ పెట్టాను. అందులో నిజం లేదని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకునే యాప్ అది. తీసుకున్న అపాయింట్‌మెంట్ టైమ్ మార్చుకునే భాగం నాది. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మాలో ప్రోటోటైప్ చేసి ఎనిమిది మందిని పిలిచాం. వాళ్లలో అరవై దాటిన ఒకావిడ ఉన్నారు. టాస్క్ చదివి వినిపించాను. ఆవిడ కార్డు మీద తేదీ కనిపించే చోట నొక్కారు. ఏమీ జరగలేదు. కానీ ఎక్కడ నొక్కితే పని చేస్తుందో అక్కడ నీలం రంగు పెట్టెలు ఒక్క క్షణం మెరిసి పోయాయి. ఆవిడ వాటిలో ఒకటి నొక్కారు. తర్వాతి స్క్రీన్‌లోనూ అంతే, ముందు తప్పు చోట వేలు, తర్వాత నీలం మెరుపు, తర్వాత సరైన చోటు. నాలుగో స్క్రీన్‌కి వచ్చేసరికి ఆవిడ చదవడం మానేశారు. ఎక్కడో ఒకచోట తాకడం, నీలం ఎక్కడ మెరిస్తే అక్కడ నొక్కడం. టాస్క్ పూర్తయింది. నేను టిక్ పెట్టుకున్నాను.

వెళ్లేటప్పుడు ఆవిడ "తప్పు నాదేలే బాబూ, నాకీ ఫోన్లు అంతగా రావు" అన్నారు. "అదేం లేదమ్మా, మీరు బాగా చేశారు" అన్నాను. ఆ రోజు మొత్తంలో రాసుకోవలసిన మాట ఏదైనా ఉందంటే ఆవిడ అన్న ఆ మాటే. రాసుకోలేదు.

యాప్ విడుదలయ్యాక సపోర్ట్ వాళ్లకి వచ్చే ఫోన్లలో "టైమ్ ఎలా మార్చుకోవాలి?" అన్నదే ఎక్కువ. చాలామంది దారి కనపడక పాతది రద్దు చేసి మళ్లీ బుక్ చేయబోయారు. ఈలోపు ఆ స్లాట్ వేరేవాళ్లకి పోయింది. వారాల తరబడి ఎదురుచూసి తీసుకున్న డాక్టర్ టైమ్ అలా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అప్పుడు కూర్చుని రికార్డింగులన్నీ మళ్లీ చూశాను. మొదటి స్క్రీన్‌లో ఎనిమిది మందిలో ఏడుగురి మొదటి క్లిక్ తప్పు చోట పడింది. జవాబుల పేజీ పక్కన తెరిచి పెట్టి పరీక్ష రాయించి, అందరూ పాసయ్యారని మీటింగ్‌లో చెప్పాను నేను.

ఆ నీలం పెట్టెలు ఫిగ్మా తప్పు కాదు. టీమ్‌లో ఒకరికొకరు డిజైన్ చూపించుకునేటప్పుడు అవి పనికొస్తాయి. ప్రోటోటైప్ తెరిచాక ఆప్షన్స్‌లో ఒక టిక్ తీసేస్తే పోతాయి. ఆ టిక్ తీయకుండా ఈ రోజుకీ ఎన్ని టెస్టులు జరుగుతున్నాయో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

సరే, పెట్టెలు ఆపేశారనుకుందాం. ప్రోటోటైప్ జవాబు చెప్పేసే దారులు ఇంకా ఉన్నాయి. ఫారమ్ చూడండి. పేరు గడిలో ఒకసారి తాకగానే పేరు, ఫోన్ నంబర్, పుట్టిన తేదీ అన్నీ వాటంతటవే నిండిపోతాయి. మనుషులు నిజంగా ఇబ్బంది పడేది ఫారమ్ దగ్గరే కదా! తేదీ ఎలా రాయాలి, నంబర్ మధ్యలో ఖాళీ వదలాలా, రెండు గడుల్లో పట్టని పేరు ఎక్కడ రాయాలి, కీబోర్డు పైకొచ్చి కింది బటన్ మూసేస్తే ఏం చేయాలి. వీటిలో ఒక్కటి కూడా ఆ ప్రోటోటైప్‌లో జరగదు. తప్పు నంబర్ కొడితే ఎర్రగా వచ్చే మెసేజ్ ఉండదు. లిస్టు ఖాళీగా ఉన్నప్పటి స్క్రీన్ ఉండదు. వెనక్కి వెళ్లడానికి దారి ఉండదు. రైలు పట్టాల మీద నడిపించి, ఎవరూ దారి తప్పలేదని రాసుకుంటున్నాం.

ఇక టాస్క్‌లు. మెనూలో "సేవ్ చేసినవి" అని ఉంటుంది. మనం యూజర్‌కి ఇచ్చే టాస్క్ "మీరు సేవ్ చేసిన వాటిని చూడండి". ఆ మనిషి చేసేది స్క్రీన్ మీద అదే మాట వెతకడం. ఆ పేరు అర్థమవుతుందా లేదా అన్నది మనం అడగనే లేదు. "నిన్న మీకు నచ్చింది ఒకటి పక్కన పెట్టుకున్నారు, ఇవాళ అది మళ్లీ కావాలి" అని చెప్పి చూడండి. ఎంతమంది ఆ మెనూ పక్క నుంచే వెళ్లిపోతారో అప్పుడు తెలుస్తుంది. టాస్క్ కాగితం రాశాక అందులో స్క్రీన్ మీది మాట ఒక్కటైనా ఉందేమో నేను ఇప్పుడు పెన్నుతో గీసి మరీ చూస్తాను.

ఇదంతా బద్ధకం వల్ల జరగడం లేదు. నేను చూసిన డిజైనర్లు రాత్రింబవళ్లు పని చేస్తారు. అసలు సమస్య, ప్రోటోటైప్ ఎవరి కోసం చేస్తున్నామన్నది మనం మర్చిపోవడం. పైవాళ్లు ఓకే చెప్పడం కోసం చేస్తున్నాం. మీటింగ్‌లో బాగా కనపడాలి కాబట్టి నీడలు, యానిమేషన్లు, నవ్వుతున్న ఫొటోలు. మూడు వారాలు ఖర్చు పెట్టి అంత అందంగా చేశాక, "ఈ దారే తప్పు" అనే మాట వినే ధైర్యం ఎవరికుంటుంది? యూజర్ తడబడితే "ఆయన టెక్నాలజీ తెలిసినవారు కాదులే" అనేస్తాం. ఆవిడ నాతో అన్నదీ అదే. ఆవిడ తన మీద వేసుకున్న తప్పును నేను అలాగే ఉంచేశాను.

పాతవాళ్లు దీన్ని వేరేగా చూశారు. చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ పామ్ పైలట్ వెనక ఉన్న జెఫ్ హాకిన్స్, ఆ పరికరం తయారు కాకముందే జేబులో పట్టే సైజులో ఒక చెక్క ముక్క కోసుకుని వెంట తిప్పుకున్నాడు. ఎవరైనా మీటింగ్ తేదీ అడిగితే దాన్ని తీసి, నొక్కుతున్నట్టు నటించేవాడు. ఆ చెక్కకి స్క్రీన్ లేదు, కరెంటు లేదు. ఇది జేబులో ఉంటే నేను తీస్తానా, దేనికి తీస్తాను అన్నది తెలుసుకోవడానికి అది చాలు. ఐబీఎమ్‌లో 1980ల మొదట్లో, మాట్లాడితే టైప్ అయ్యే మెషీన్ జనానికి నచ్చుతుందా అని చూడాలనుకున్నారు. మాటను గుర్తుపట్టే టెక్నాలజీ అప్పటికి ఆ స్థాయికి రాలేదు. పక్క గదిలో ఒక టైపిస్టును కూర్చోబెట్టారు. యూజర్ మైకులో చెప్తే ఆ మనిషి టైప్ చేసేవారు, అక్షరాలు ఇవతల స్క్రీన్ మీద వచ్చేవి. ఇలాంటి పద్ధతినే విజార్డ్ ఆఫ్ ఆజ్ అంటాం. ఇవాళ ఏఐ అసిస్టెంట్ డిజైన్ చేసేవాళ్లు ఒక్క లైను కోడ్ రాయకముందే ఈ పని చేయవచ్చు. చేసేవాళ్లు నాకు ఎక్కువగా కనపడలేదు.

1997లో ఆపిల్‌లో పని చేసిన స్టెఫనీ హౌడ్, చార్లెస్ హిల్ ఒక మంచి ప్రశ్న అడిగారు: ప్రోటోటైప్ దేనికి ప్రోటోటైప్? ఈ వస్తువు మనిషి జీవితంలో ఏ పనికొస్తుందో చూడటానికా, ఎలా కనపడుతుందో చేతికి ఎలా ఉంటుందో చూడటానికా, లోపల ఎలా పని చేస్తుందో చూడటానికా? ఏ ప్రశ్నకి జవాబు కావాలో ముందు రాసుకుంటే చేయాల్సిన పని సగం తగ్గుతుంది. మెనూ పేర్లు అర్థమవుతున్నాయా అన్నదే ప్రశ్న అయితే కాగితం చాలు, యానిమేషన్ అక్కర్లేదు.

"కాగితం మీద గీసింది చూపిస్తే యూజర్లు సీరియస్‌గా తీసుకోరు" అంటారు. దీని మీద పరిశోధన ఎప్పుడో జరిగింది. వర్జీ బృందం 1996లో, వాకర్, తకయామా, లాండే 2002లో ముతక ప్రోటోటైప్‌నీ నున్నటి ప్రోటోటైప్‌నీ పోల్చి చూశారు. సమస్యలు బయటపెట్టడంలో రెండిటికీ పెద్ద తేడా కనపడలేదు. మరి ఆ మూడు వారాల నగిషీ ఎవరి కోసం? నా అనుభవంలో ఇంకొక సంగతి కూడా ఉంది. పెన్సిల్ గీతలు చూపిస్తే మనుషులు మొహమాటం లేకుండా "ఇది ఇక్కడెందుకు?" అంటారు, పెన్ను తీసుకుని గీసేస్తారు. తళతళలాడేది చూపిస్తే "చాలా బాగుందండీ" అంటారు.

కాగితం అన్నిటికీ సరిపోదు, అదీ చెప్పాలి. వేలితో లాగడం, జరపడం లాంటివి కదిలే ప్రోటోటైప్‌లోనే తెలుస్తాయి. స్క్రీన్ మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లతో టెస్ట్ చేయాలంటే గీతలూ బొమ్మలూ చాలవు, వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో చిన్నదైనా నిజంగా పని చేసేది కట్టాలి. కట్టం కాబట్టి చూపు లేనివాళ్లని టెస్టుకే పిలవం. పిలవం కాబట్టి వాళ్ల సమస్యలు రిపోర్టులో ఉండవు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం, దీని మీద విడిగా రాయాలి.

"టెస్టుకి ఐదుగురు చాలు కదా, నీల్సన్ చెప్పాడు కదా" అన్నది ఇంకొకటి. వాడటానికి ఏది ఎంత సులువో పరీక్షించే యూజబిలిటీ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ ఏం చెప్పాడో పూర్తిగా చదవండి. నీల్సన్, లాండవర్ 1993లో ఇచ్చిన లెక్కలో, ఒక్కో యూజర్ సగటున 31 శాతం సమస్యలు బయటపెడతారనుకుంటే ఐదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. ఆ 31 మీ ప్రాజెక్టుకి వర్తిస్తుందని ఎవరు చెప్పారు? 2001లో జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ కొన్ని వెబ్‌సైట్లలో కొనుగోలు చేయించి చూస్తే మొదటి ఐదుగురికి దొరికింది 35 శాతమే. 2003లో లారా ఫాక్నర్ 60 మందితో టెస్ట్ చేసి, వాళ్లలోంచి ఐదుగురి గుంపులు ఏరి చూసింది. కొన్ని గుంపులకి 99 శాతం దొరికాయి, కొన్నిటికి 55 శాతమే. మీకు ఏ గుంపు తగులుతుందో ముందుగా తెలియదు.

పైగా 2000లో నీల్సన్ రాసిన దానిలో అసలు సలహా, పదిహేను మందికి డబ్బుంటే ఐదుగురి చొప్పున మూడు సార్లు టెస్ట్ చేయమని. ఐదుగురితో చూడు, సరిచెయ్యి, మళ్లీ ఐదుగురితో చూడు. మనం కోడ్ అంతా అయిపోయాక, విడుదలకి పది రోజుల ముందు ఒక్కసారి ఐదుగురిని పిలిచి నీల్సన్ పేరు చెప్తున్నాం. ఆ ఐదుగురిలో ఇద్దరు పక్క టీమ్ వాళ్లు.

జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ అనే పరిశోధకులు 1985లోనే మూడు మాటలు చెప్పారు: మొదటి నుంచే యూజర్లని తెలుసుకోండి, వాళ్లు వాడుతుంటే కొలవండి, సరిచేసి మళ్లీ చూడండి. గౌల్డ్ బృందం 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ కోసం క్రీడాకారుల వాయిస్ మెసేజ్ వ్యవస్థ కట్టినప్పుడు, నమూనాలను నడవాలో పెట్టి దారిన పోయేవాళ్ల చేత కూడా మాటలు అనిపించుకున్నారు. నలభై ఏళ్లయింది. మన చేతిలో ఉన్న సాధనాలు వాళ్లు ఊహించనివి. మూడో మాట మాత్రం ఇంకా మన స్ప్రింట్ ప్లాన్‌లోకి, అంటే టీమ్ పని ప్రణాళికలోకి, రాలేదు.

సెషన్‌లో మాట్లాడటం గురించి కూడా చెప్పాలి. యూజర్ ఆగిపోయిన పది సెకన్లు సెషన్ నడిపే మోడరేటర్‌కి భరించలేనంత పొడుగ్గా ఉంటాయి, నాకు తెలుసు. "పైన కుడివైపు చూడండి" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. వచ్చిందంటే ఆ సెషన్ అయిపోయినట్టే. "ఇది నొక్కాలా?" అని అడిగితే "మీకేమనిపిస్తోంది?" అనండి, ఆగండి. చివర్లో "నచ్చిందా?" అని అడగకండి. ఎదురుగా కూర్చుని, అంత కష్టపడి చేశామని చెప్పిన మనిషితో నచ్చలేదని ఎవరంటారు? "ఇందాక ఇక్కడ ఆగారు, అప్పుడు ఏం ఆలోచించారు?" అని అడగండి.

రిపోర్టు మీద కూడా నాకు నమ్మకం తగ్గింది. యూజబిలిటీ నిపుణుడు రోల్ఫ్ మోలిక్ నడిపిన ఒక అధ్యయనంలో తొమ్మిది టీములు ఒకే వెబ్‌సైట్‌ని, ఈమెయిల్ సైట్ హాట్‌మెయిల్‌ని, విడివిడిగా పరీక్షించాయి. మొత్తం 310 సమస్యలు వచ్చాయి. వాటిలో 75 శాతం ఒక్కొక్క టీమ్‌కే కనపడ్డాయి. వాటిలో ఎక్కువ టీములు అనుభవం ఉన్నవే. నా ఒక్క రిపోర్టు చూసి "టెస్ట్ అయిపోయింది" అని ఎలా అనగలను? అందుకే ఇప్పుడు రిపోర్టు మీద పెట్టే టైమ్ తగ్గించి ఇంకొక రౌండ్ పెడుతున్నాను. మైక్రోసాఫ్ట్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ట్యుటోరియల్ మీద వాడిన రైట్ (RITE) పద్ధతి నాకు ఇష్టం. సమస్య స్పష్టంగా ఉండి, పరిష్కారం తెలిసిందైతే ఒక్క యూజర్ తర్వాతే మార్చేసి, తర్వాతి యూజర్‌కి కొత్తది చూపిస్తారు. దీనికి డెవలపర్ సెషన్‌లో కూర్చోవాలి. అదే అన్నిటికంటే కష్టం.

కిందటి నెల ఒక డెవలపర్‌ని బతిమాలి కూర్చోబెట్టాను. ఒక పెద్దాయన పొడుగాటి ఫారమ్ నింపి, ఒక తప్పు సరిచేసుకోవడానికి వెనక్కి నొక్కారు. రాసినదంతా పోయింది. ఆయన ఏమీ అనలేదు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి గడి నుంచి మొదలుపెట్టారు. ఈ సమస్య నేను రెండు రిపోర్టుల్లో రాశాను, రెండుసార్లూ "తర్వాత చూద్దాం" అన్నది ఆ డెవలపరే. ఆ రోజు సాయంత్రానికి సరిచేశాడు. మర్నాడు వచ్చినవాళ్లు సరిచేసినదే వాడారు.

గురువారం ఇంకో రౌండ్ ఉంది. అదే టైమ్ మార్చుకునే భాగం, మళ్లీ మొదటి నుంచి, ఈసారి పెన్సిల్‌తో గీసిన స్క్రీన్లు. ఆ బటన్ మీద ఏ మాట ఉండాలో మేం తేల్చలేదు. ఖాళీగా వదిలేశాం. వచ్చేవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారో విని రాసుకుందామని.