ఆదిలాబాద్‌ను దాచేసిన యాడ్ బ్లాకర్

సెలవు రోజుల్లో కూర్చుని నేను తయారుచేస్తున్న యాడ్ బ్లాకర్ ఎక్స్‌టెన్షన్‌ను (వెబ్ పేజీల్లో ప్రకటనలను దాచేందుకు బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌ను) నా తర్వాత మొదట వాడింది మల్కాజిగిరిలో ఉండే మా పెదనాన్న. ఆయన సొంతూరు నిర్మల్. పొద్దున్నే చాయ్ తాగుతూ ల్యాప్‌టాప్‌లో ఉమ్మడి ఆదిలాబాద్ వార్తలు చూడనిదే ఆయనకు రోజు మొదలు కాదు. రెండో రోజే ఫోన్ చేసి, ‘‘ప్రకటనలు పోయినయ్ గానీ మా ఆదిలాబాద్ కూడా పోయిందిరా. కరీంనగర్ ఉంది, వరంగల్ ఉంది, మాదొక్కటే లేదు’’ అన్నారు.

చూస్తే తప్పు నాదే. సైట్ల కోడ్‌లో ప్రకటన పెట్టెల పేర్లు చాలాసార్లు ‘యాడ్’ అనే మాటతో మొదలవుతాయి కాబట్టి, ఏ, డి అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే పెట్టెలన్నింటినీ దాచెయ్యమని ఒక రూల్ రాశాను. ఆదిలాబాద్‌ను ఇంగ్లీషులో రాస్తే మొదలయ్యేదీ ఆ రెండక్షరాలతోనే.

కోడ్‌ను ఎన్నిసార్లు చదివినా ఈ తప్పు నా కంటికి దొరికేది కాదు, ఎందుకంటే ఆ పేజీలో ఆదిలాబాద్ ఉండాలని నాకు తెలియదు. ప్రకటనలు పంపే సర్వర్లు చాలావరకు ప్రపంచమంతటికీ ఒకటే కనుక వాటిని ఆపడానికి 2005 నుంచి నడుస్తున్న ఈజీలిస్ట్ వంటి బ్లాకింగ్ రూల్స్ జాబితాలు మనకూ పనికొస్తాయి. కానీ ఒక తెలుగు సైటు తన పేజీని ఎలా అమర్చుకుంది, ఏ పెట్టె ప్రకటన, ఏది వార్త అన్నది రోజూ దాన్ని చదివేవారికే తెలుస్తుంది. భారతీయ భాషల కోసం ఇండియన్‌లిస్ట్ అనే జాబితా ఒకటి ఉన్నా, అన్ని భాషల భారాన్నీ అదొక్కటే మొయ్యాలని కోరడం న్యాయం కాదు. అందుకే నా ఎక్స్‌టెన్షన్‌ను వాడి పరీక్షించే తెలుగు పాఠకులు నాకు కావాలి.

క్రోమ్‌లో వచ్చిన మార్పు ఈ అవసరాన్ని మరింత పెంచింది. గతంలో పేజీ కోసం బ్రౌజర్ సర్వర్లకు పంపే ప్రతి అభ్యర్థననూ ఎక్స్‌టెన్షన్ స్వయంగా పరిశీలించి, ఆపాలో వదలాలో అప్పటికప్పుడు తేల్చేది. మేనిఫెస్ట్ వీ3 అనే క్రోమ్ కొత్త పద్ధతిలో రూల్స్‌ను ముందే బ్రౌజర్‌కు అప్పగించాలి. ఎక్స్‌టెన్షన్‌తో పాటు వచ్చే వాటిలో 30,000 రూల్స్‌కే కచ్చితమైన హామీ, ఆపైన కావాలంటే మిగతా ఎక్స్‌టెన్షన్లతో పంచుకోవాల్సిందే. లెక్క ఉన్న చోట ఏ సైటుకు చోటివ్వాలో పాఠకులే చెప్పాలి. మరో బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని కూడా కొనసాగిస్తోంది. పైగా ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను అనుమతించదు, ఫైర్‌ఫాక్స్ అనుమతిస్తుంది. మనవాళ్లు చదివేది ఎక్కువగా ఫోన్లలోనే కనుక నాకు ముందు కావాల్సింది ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వాడే పరీక్షకులే.

ప్రకటనలు ఆపితే చిన్న తెలుగు పోర్టళ్లు ఎలా బతకాలన్న ప్రశ్న న్యాయమైనదే, అక్కడి విలేకరుల జీతాలు వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే నచ్చిన సైటులో ప్రకటనలను ఒక్క నొక్కుతో అనుమతించే ఏర్పాటు పెట్టాను. ఆ నిర్ణయం మాత్రం పాఠకుడిదే కావాలి. యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ 2011లో కొన్ని ప్రకటనలను ఆపకుండా వదిలే ‘ఆమోదయోగ్య ప్రకటనల’ విధానం తెచ్చాక పెద్ద సంస్థలు అందులో చోటుకు డబ్బు చెల్లించే పద్ధతి ఏర్పడింది. ఆ దారి నాకు వద్దు. విరాళాలు సైతం తీసుకోకుండా యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్‌ను నడుపుతున్న రేమండ్ హిల్ దారే నాకు ఆదర్శం.

పైగా అన్ని ప్రకటనలూ ఒకటి కావు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నెట్ సెంటర్‌లో నా పక్క కుర్రాడు హాల్‌టికెట్ కోసం పేజీలో అన్నిటికన్నా పెద్దగా ఉన్న ఆకుపచ్చ ‘డౌన్‌లోడ్’ బటన్ నొక్కాడు. అది ప్రకటన. హాల్‌టికెట్‌కు బదులు ఏదో సాఫ్ట్‌వేర్ దిగింది. అసలు లింకు దాని కింద సన్నని అక్షరాల్లో ఉంది. అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో యాడ్ బ్లాకర్లు వాడమని ప్రజలకు సూచించింది ఇటువంటి మోసాల వల్లే.

పరీక్షించడానికి ముందుకొచ్చేవారికి ఒక మాట ముందే చెప్పాలి. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు’ అని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. అది నిజమే, కనుక సందేహించడం సబబే. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, నాకు సర్వర్ లేదు, మీరు స్వయంగా పంపితే తప్ప ఏదీ నాకు చేరదు. అయినా బ్రౌజర్‌లో విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకుని అందులో వాడండి, అందులో బ్యాంకు లావాదేవీలు చేయకండి. పేజీ చిరునామా, అందులో మాయమైనదేమిటన్నది రాసి పంపితే చాలు.

రూల్ సరిదిద్దాక పెదనాన్నకు ఆదిలాబాద్ తిరిగి కనిపిస్తోంది. అవే రెండక్షరాలతో మొదలయ్యే ఆదోని, అద్దంకి వార్తలు రోజూ చదివేవారు మాత్రం నా దగ్గర ఇంకా ఎవరూ లేరు.