మామా అల్లుళ్లూ మధ్యలో ఒక చోయా

అమెరికాలోని అరిజోనా ఎడారి నగరం ఫీనిక్స్ పరిసరాల్లోని తెలుగు కుటుంబాలు వేసవి అంతా ఏసీ గదుల్లో తలదాచుకొని, చలికాలం మొదలు మార్చి వరకు మాత్రమే ఆరుబయట ఒక ప్రపంచం ఉన్నదని గుర్తిస్తాయి. ఆ నెలల్లో వారాంతం వచ్చిందంటే టాంటో జాతీయ అరణ్యంలో సాల్ట్ నదిపై వరుసగా ఉన్న రూజ్‌వెల్ట్, అపాచీ, కాన్యన్, సాగ్వారో సరస్సులలో ఏదో ఒకదాని ఒడ్డున పులిహోర వాసన తప్పదు. అరణ్యమనగానే నల్లమలను ఊహించుకొని వచ్చినవారికి మాత్రం ఆ సరస్సుల చుట్టూ కనిపించేవి చేతులెత్తి నిలబడిన సాగ్వారో కాక్టస్‌లు. తొలి కొమ్మ వేయడానికే 50 నుంచి 75 ఏళ్లు తీసుకొనే ఆ చెట్టు కింద నీడ కోసం నిలబడాలంటే మనిషి కూడా దానంత సన్నగా ఉండాలి.

మా పెదనాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసి, ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లోని కూతురి ఇంటికి వచ్చారు. ఆయన కోసమే మార్చిలో ఒక ఆదివారం సాగ్వారో సరస్సుకు ప్రయాణం పెట్టుకున్నాము. కారులో ఎక్కినవాటిలో పులిహోర డేకిసా, పెరుగన్నం, ఆవకాయ సీసా, ఊరమిరపకాయలు, ఫ్లాస్కు నిండా టీ, మడతకుర్చీలు, చాప, పేకముక్కలు, అమృతాంజనం, ఎందుకైనా మంచిదని పెద్దమ్మ పెట్టిన దుప్పట్లు ఉన్నాయి. ఎడారికి వెళ్లేవారు తప్పక వెంట ఉంచుకోవలసిన దువ్వెన ఒక్కటే లేదు. బావగారికి దానితో అవసరం తీరిపోయి చాలా ఏళ్లయింది. తక్కినవారు ఇంటి దగ్గరే తల దువ్వుకొని బయలుదేరారు.

సరస్సు ఒడ్డున నిలబడగానే పెదనాన్నగారు ఉపన్యాసం ఆరంభించారు. ఈ నీటిని ఆపిన స్టూవర్ట్ మౌంటెన్ డ్యామ్ 1930లో పూర్తయిందనీ, ఎగువన ఉన్న రూజ్‌వెల్ట్ డ్యామ్ 1911 నాటిదనీ, మన ప్రకాశం బ్యారేజీ కంటే రెండూ పెద్దవాళ్లేననీ చెప్పి, డ్యామ్ అక్కడి నుంచి కనిపించకపోయినా అది ఉండవలసిన దిక్కుకు గౌరవంగా చెయ్యి చూపించారు. పిల్లలను సాగ్వారోల దగ్గరకు పోవద్దని హెచ్చరించి, వెనకాల ఫోర్ పీక్స్ కొండలు కూడా పడేలా అందరినీ ఫోటో తీయాలని ఫోను ఎత్తి, ఒక్కో అడుగే వెనక్కి వేయసాగారు. అలా వేసిన అడుగులకు ఒకచోట చోయా అనే మరో రకం కాక్టస్ అడ్డం వచ్చింది.

ఎండపడితే ఒళ్లంతా లేతపసుపు నూగుతో మెరుస్తూ, ఎత్తుకోబుద్ధేసేంత ముద్దుగా ఉంటుంది కనుక దీనికి టెడ్డీబేర్ చోయా అని పేరు పెట్టారు. దాని కణుపులు తాకీ తాకకముందే ఊడివచ్చి అంటుకుంటాయి. ముల్లు కొనకు వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి కనుక లాగేకొద్దీ బిగుస్తుంది. రాలిన కణుపు పడ్డచోటే వేరూని కొత్త మొక్కవుతుంది. అంటే మా పెదనాన్నగారి పిక్కను అది వాహనంగా ఎంచుకోవడంలో వంశాభివృద్ధి తప్ప మరే దురుద్దేశమూ లేదు.

“కదలకండి మామయ్యగారూ” అని బావగారు అరిచేలోపు ఆయన ఎడమచేత్తో దాన్ని పీకబోయారు. నిమ్మకాయంత ముళ్లబంతి పిక్కను వదిలి అరచేతికి అంటుకుంది. దాన్ని విడిపించబోయిన బావగారి వేళ్లకు దాని రెండో వైపు దిగింది. పెళ్లిలో కాళ్లు కడిగిన నాటి తరువాత మామా అల్లుళ్లు అంత దగ్గరగా నిలబడటం మేమెవరమూ చూడలేదు. ఒకరు కదిలితే రెండోవారు “అబ్బా” అంటున్నారు. “అంత ఇష్టం ఉన్నవారు సంక్రాంతికే బట్టలు పెట్టవలసింది” అని పెద్దమ్మ గొణిగింది.

అమృతాంజనం రాద్దామని ఒకరు, నూనె పోద్దామని ఒకరు సూచిస్తుండగా, పక్కన చేపలు పడుతున్న ఒక పెద్దాయన దూరం నుంచే తల దువ్వుకుంటున్నట్లు అభినయించి చూపాడు. మా ఆడపిల్లల హాండ్‌బ్యాగులన్నీ చాపమీద బోర్లిస్తే లిప్‌స్టిక్కులు, ఛార్జర్లు, చింతపండు చాక్లెట్లు రాలాయి గానీ దువ్వెన రాలలేదు. చివరకు మేనకోడలి బార్బీ బొమ్మకు చెందిన గులాబీరంగు దువ్వెన దొరికింది. యజమానురాలు దానిని ఇవ్వడానికి ముందు ఐస్‌క్రీము విషయంలో రాతపూర్వకమైన హామీ కోరింది.

అక్క ఆ దువ్వెనను ముళ్లకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క విసురు విసిరింది. చోయా గాలిలో లేచి, దర్జాగా వెళ్లి బావగారి మడతకుర్చీలో కూర్చుంది. మిగిలిన ముళ్లను కనుబొమల పట్టకారుతో ఏరేసరికి పులిహోర చల్లారింది.

చోయా గెంతుతుందన్నది వట్టి అపోహ, అది తగిలినప్పుడే ఊడుతుంది అని బావగారు తిరుగు ప్రయాణంలో శాస్త్రీయంగా వివరించారు. పెదనాన్నగారు వినలేదు. ఆ రాత్రి బెజవాడకు వరుసగా చేసిన ఫోన్లలో అది గెంతిన దూరం జాన నుంచి మూరకు, మూర నుంచి బారకు పెరిగింది. అవతలివారు నమ్మనప్పుడు ఆయన ఫోను అల్లుడిగారి చేతికిచ్చారు. పెద్దమ్మ ఎదురుగా కూర్చొని చూస్తుండగా, కట్టుకట్టిన వేళ్లతో ఫోను పట్టుకొన్న బావగారు “బార కాదండీ, ఇంకా కాస్త ఎక్కువే” అన్నారు.