శాలువా కప్పించుకున్న ప్రేరణ

బెజవాడలో ఆడమనిషి బొమ్మ వేస్తే ఆమెకు ప్రేరణ ఎక్కణ్నుంచి రావాలో పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ప్రకృతి, కృష్ణమ్మ, కొండమీద దుర్గమ్మ, ఇంట్లో ఆయన. వీటిలో ఏదో ఒకటి ఒప్పుకుంటే సరేసరి. లేదంటే మైకు పట్టుకున్నవాళ్లే ఒప్పించేస్తారు.

మొన్న బందరు రోడ్డులో జరిగిన చిత్ర ప్రదర్శనే చూడండి. బొమ్మలు వేసినావిడ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వేసేవి నైరూప్య చిత్రాలు, అంటే ఫలానా రూపమని పోల్చలేనివి, అదీ మిక్స్‌డ్ మీడియాలో. కాన్వాసు మీద రంగొక్కటే కాదు, కాగితం, గుడ్డపీలిక, ఇసుక, గోడలకు పూసే పుట్టీ, చేతికందిందల్లా ఎక్కుతుంది. మీ ప్రేరణ ఏమిటండీ అని యాంకరమ్మ అడిగింది. "గాంధీనగర్ గోడలండీ" అని ఆవిడ అందరికీ వినబడేలానే చెప్పింది. సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న పేట కదా, పోస్టరు మీద పోస్టరు పడుతూనే ఉంటుంది. వానకు నాని, ఎండకు లేచి, ఎవడో ఓ మూల చింపితే కింద పాత సినిమా తొంగిచూస్తుంది. ఆ పొరలే నా బొమ్మలు అంది.

"చూశారా! ప్రకృతే మేడంగారికి ప్రేరణ!" అంది యాంకరమ్మ. చప్పట్లు.

తర్వాత ముఖ్య అతిథి లేచారు. మంగళగిరి వైపు వెంచర్లు వేసే పెద్దమనిషి. నాలుగడుగుల కాన్వాసు ముందు నిలబడి తల ఎడమకు వంచారు, కుడికి వంచారు, రెండడుగులు వెనక్కి వేశారు. హఠాత్తుగా చెప్పులు విడిచారు. "అమ్మవారయ్యా!" ఆయన వేలు పెట్టి చూపించిన చోట నిజానికి ఓ హీరోగారి సగం మీసం ఉంది. అయితేనేం, వెనకున్నవాళ్లంతా గబగబా చెప్పులు విడిచారు. ఒకాయనకు త్రిశూలం కనబడింది, ఇంకొకాయనకు సింహం తోక. నాకేం కనబళ్లేదన్న కుర్రాడి నెత్తిన వాళ్లమ్మ ఒక్క మొట్టికాయ వేసేసరికి వాడికీ కనబడింది. ఎవరో కొబ్బరికాయకు మనిషిని పంపారు. టైల్స్ పగిలితే డిపాజిట్ వెనక్కి రాదని హాలు మేనేజరు అడ్డుపడ్డాడు గానీ, లేకపోతే ఆ సాయంత్రమే హారతి, ఆ పక్కనే పులిహోర కౌంటరు వెలిసేవి. (హుండీకి స్థలం కూడా చూశారని నా అనుమానం.)

ఇక అసలు ఘట్టం. "ఇంతటి కళాకారిణి వెనకున్న శక్తి" అంటూ ఆవిడ భర్తను వేదిక మీదికి లాగి శాలువా కప్పారు. పాపం, నిజాయితీపరుడు. "నాకేం తెలీదండీ, వార్నిష్ వాసనొస్తే కిటికీ తీస్తాను" అన్నాడు. దాన్ని కూడా త్యాగం ఖాతాలో రాసుకున్నారు.

పారిస్‌లో జాక్ విలెగ్లే, రేమోం హైన్స్ అని ఇద్దరు 1949లో వీధి గోడల మీది చిరిగిన పోస్టర్లు పీక్కొచ్చి ఇదీ కళేనన్నారు. వాటిలో కొన్ని ఇప్పుడు అక్కడి పాంపిడూ సెంటర్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన గుడ్డను కాన్వాసుకి అంటించి చుట్టూ తాడు బిగించాడు. మీ ఆవిడ ప్రోత్సాహం ఏపాటిది అని వీళ్లనెవరైనా అడిగి ఉంటారంటారా? అంతదూరం ఎందుకు, మన తుమ్మపూడి సంజీవదేవ్‌గారు ఏ ఆర్ట్ స్కూలు పట్టా లేకుండానే కుంచె పట్టారు. ఆయనది స్వయంకృషి. ఈవిడది మాత్రం కాలక్షేపం.

కాలక్షేపమట! మైదా జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపాలని పోస్టర్లు అంటించే అతని వెంటపడి తెలుసుకుంది ఆవిడ. ఆరిన పొరను ఎంతవరకు గీకితే కింది రంగు చెడకుండా పైకొస్తుందో బ్లేడుతో వేళ్లు కోసుకుని నేర్చుకుంది. మే నెల ఎండలో గోడల ముందు నిలబడితే పోయేవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అప్పుడు ఏ ప్రకృతీ గొడుగు పట్టలేదు, ఏ ముఖ్య అతిథీ మజ్జిగ ఇవ్వలేదు. చూపు ఆవిడది, చెయ్యి ఆవిడది, ఖర్చు ఆవిడది. నోరు తెరిచి చెప్పింది కూడా కదా! దాన్ని నదికింత, దేవతకింత, మొగుడికింత అని పంచిపెట్టడానికి మీరెవరయ్యా? మీ వెంచరుకు ప్రేరణ మీ ఆవిడేనని బ్రోచర్లో ఎప్పుడైనా వేయించారా?

కొనడం సంగతంటారా, అదీ అయింది. ముఖ్య అతిథిగారి శ్రీమతి ఇదే బొమ్మ సోఫాకు మ్యాచ్ అయ్యే ఆకుపచ్చలో ఉందా అని అడిగింది. ధర విని, "కాగితాలూ పుట్టీయే కదమ్మా" అంది. అంతకుముందు దానికే దణ్ణం పెట్టింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ముఖ్య అతిథి, భర్త, శాలువా, దీపస్తంభం, యాంకరమ్మ. అంచున జ్ఞాపిక పట్టుకున్న ఒక చెయ్యి, అది ఆర్టిస్టుది. బొమ్మ ఒక్కటీ లేదు. అందుకే ఆవిడకు నా సలహా: వచ్చే ప్రదర్శనకు కాన్వాసులు మోయకండి. శాలువాతో సహా ఆయన్నే గోడకు తగిలించి, కింద ధర చీటీ అంటించండి. ఎవరు కొంటారో చూద్దాం.